500 కాపీల తెలుగు పుస్తకం: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో టైపింగ్ నుంచి ప్రెస్సు దాకా

తెలుగులో చిన్న పుస్తకాలు చాలావరకు ఒకే దారిలో బయటికొస్తాయి. రాతప్రతి డీటీపీ సెంటర్‌కు వెళుతుంది. అక్కడ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కంపోజ్ అవుతుంది. ప్రూఫులు రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాక పీడీఎఫ్ ప్రెస్సుకు పోతుంది. పుస్తకం బాగానే అచ్చవుతుంది. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. కొన్నేళ్లకు రెండో ముద్రణ వేద్దామని, ఈబుక్ చేద్దామని ఆ ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ఉండదు, పిచ్చి గుర్తులు మాత్రమే ఉంటాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల స్థానంలో వేసిన బొమ్మ. ఫాంటు లేకపోతే పాఠం కూడా లేనట్టే.

పాఠాన్ని యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతిలో) ఒక్కసారి సరిగ్గా సిద్ధం చేసుకుంటే అచ్చు, ఈబుక్, పదేళ్ల తర్వాతి ముద్రణ అన్నీ అదే ఫైలు నుంచి తీయవచ్చు. దీనికి కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సులతో దొరుకుతుంది. కేరళలో జనయుగం దినపత్రిక 2019లో పేజీల కూర్పు మొత్తాన్ని స్క్రైబస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చుకుంది. రోజూ పత్రిక వేసేవాళ్లకు సరిపోయినవి ఏడాదికి రెండు మూడు పుస్తకాలు వేసేవాళ్లకు నిస్సందేహంగా సరిపోతాయి.

ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఒకే నమూనాకు: డెమీ 1/8 సైజు (5.5×8.5 అంగుళాలు), 160 పేజీల కథల సంపుటి, 500 కాపీలు, లోపల ఒక్క నలుపు రంగు, కలర్ అట్ట.

ఏ పనికి ఏది

లోపలి పేజీలకు వర్డ్‌లాంటి లిబ్రెఆఫీస్ రైటర్ తీసుకోండి. కథలు, నవలలు, వ్యాసాలు, కవిత్వం అన్నింటికీ అది చాలు. స్క్రైబస్ పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ కదా, లోపలి పేజీలూ అందులోనే చేద్దామనిపిస్తుంది. 160 పేజీల వచనాన్ని అందులో నడపడం మాత్రం వృథా శ్రమ. విషయసూచిక, పాదసూచికలు రైటర్‌లో వచ్చినంత తేలిగ్గా అక్కడ రావు. స్క్రైబస్‌ను అట్టకు, పేజీపేజీకీ బొమ్మలుండే పిల్లల పుస్తకాలకు ఉంచుకోండి. వందల పాదసూచికలు, పదసూచిక ఉన్న పరిశోధన గ్రంథమైతే, లేదా ఒకే రూపంలో వరుసగా పుస్తకాలు తేవాలనుకుంటే జీలాటెక్ (ఆదేశాలు రాసి పేజీలు కట్టించే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడం లాభం. దాన్ని నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి మొదటి పుస్తకం దానితో మొదలుపెట్టకండి.

వెర్షన్ల విషయంలో ఒక్క జాగ్రత్త. స్క్రైబస్ 1.4 వరుసలో తెలుగు వత్తులు పడవు. ‘క్త’ అని టైప్ చేస్తే ‘క్’ పక్కన ‘త’ విడిగా నిలబడుతుంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిర వెర్షన్‌లో, ఆ తర్వాతి వాటిలో ఈ సమస్య లేదు. లిబ్రెఆఫీస్‌లో 5.3 నుంచి అన్ని సిస్టమ్‌లలోనూ అక్షరాలను హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజన్ కూరుస్తుంది. అందువల్ల విండోస్‌లో చేసిన ఫైలు లైనక్స్‌లో తెరిచినా, అదే ఫాంటు ఉంటే, వత్తులు చెదరవు.

ఫొటోలకు గింప్, గీతల బొమ్మలకు ఇంక్‌స్కేప్, ఈబుక్‌కు సిజిల్, కాలిబర్. పీడీఎఫ్ చూసుకోవడానికి ఆక్యులర్, పేజీలు అటూ ఇటూ మార్చడానికి పీడీఎఫ్ అరేంజర్. పాత పుస్తకం స్కాన్ నుంచి మొదలుపెడితే స్కాన్ పేజీలను శుభ్రం చేసే స్కాన్‌టైలర్, బొమ్మలోంచి అక్షరాలను గుర్తించే టెసెరాక్ట్ కూడా కావాలి.

పాఠం సిద్ధం చేయడం

ఫోన్లో, వాట్సాప్‌లో, గూగుల్ డాక్స్‌లో రాసిన ఏ తెలుగైనా ఇప్పటికే యూనికోడే. అలాంటి రాతప్రతులను రైటర్‌లోకి తెచ్చేటప్పుడు పేస్ట్ స్పెషల్‌లో ‘అన్‌ఫార్మాటెడ్ టెక్స్ట్’ ఎంచుకోండి. లేకపోతే పంపినవాళ్ల ఫాంట్లు, రంగులు, వరుసల ఎడం అన్నీ వెంట వచ్చి చివరిదాకా వేధిస్తాయి.

అను ఫైళ్లుంటే మార్పిడి పరికరాలు వాడాలి. మార్చే ముందు ఫాంటు ఏ వెర్షనో కనుక్కోండి. అను 6, అను 7 కోడ్‌లు వేరు, ఒకదాని మార్పిడి పట్టిక రెండోదానికి పనికిరాదు. మార్చాక ఇంగ్లీషు పదాలు, అంకెలు, కొటేషన్ గుర్తులు తెలుగు అక్షరాలుగా మారిపోయి ఉంటాయి. వాటిని కంటితో చూసి దిద్దక తప్పదు.

పాత అచ్చు పుస్తకమైతే 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి, స్కాన్‌టైలర్‌లో పేజీల వంకర తీసి, అంచుల మరకలు తుడిచి, తర్వాతే టెసెరాక్ట్‌కు ఇవ్వండి. పేజీ శుభ్రంగా లేకుండా గుర్తింపు బాగుండదు. ద–ధ, బ–భ, ప–ఫ జంటల్లో ఒత్తు గీత ఎగిరిపోవడం, అరసున్నలు మాయమవడం మామూలు. ప్రూఫు దిద్దేవాళ్లకు ఈ జంటల పట్టిక ముందే ఇస్తే కన్ను అక్కడ ఆగుతుంది. వేరేవాళ్ల రచన తిరిగి వేస్తున్నట్టయితే హక్కులు చూసుకోండి. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదటినుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 1965లో మరణించిన రచయిత రచనల హక్కు 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఆ రచనకు తర్వాత ఎవరో రాసిన ముందుమాట, చేసిన అనువాదం మాత్రం వేరే హక్కుల కిందికి వస్తాయి.

పాఠం ఎక్కడినుంచి వచ్చినా, పేజీలు కట్టకముందే కొన్ని వెతుకులాటలు చేయాలి. రైటర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కి ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్’ గడిలో టిక్కు పెట్టి ఇవి ఒక్కొక్కటే వెతకండి.

– [ా-ౌ][ా-ౌ] : ఒకే హల్లుకు రెండు గుణింతపు గుర్తులు పడ్డ చోట్లు. తెర మీద కొన్నిసార్లు ఒకటే కనిపిస్తుంది. అచ్చులో చుక్కల వృత్తం రావచ్చు.
– ఒక ఖాళీ, ఆ వెంటనే [ా-్] : పదం నుంచి విడిపోయిన దీర్ఘాలు, గుడులు, పొల్లులు.
– [అ-హా-ౌ]౦ : సున్నకు బదులు తెలుగు అంకె సున్నా పడ్డ చోట్లు. చూడ్డానికి తేడా తెలియదు. కానీ వెతికితే ఆ పదం దొరకదు, విషయసూచికలో, పదసూచికలో వరుస తప్పుతుంది. ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం, మామూలు 0 కూడా ఇలాగే దూరతాయి. వాటికీ విడిగా వెతకండి.
– [క-హా-ౌ]: : విసర్గకు బదులు కోలన్. ‘దుఃఖం’, ‘అంతఃపురం’ వంటి మాటల్లో ఎక్కువ. ఇది ఒక్కొక్కటే చూసి మార్చాలి, ఎందుకంటే నిజమైన కోలన్లూ దొరుకుతాయి.
– రెండు ఖాళీలు, పేరా మొదట్లో ట్యాబులు, కామా ముందు ఖాళీ.

అక్షరాలు కలవకూడని చోట నాన్‌జాయినర్ (వాటిని విడిగా ఉంచే, కంటికి కనిపించని గుర్తు) పెట్టాలి. అది లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’, ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అవుతుంది. కీబోర్డులో ఆ మీట తెలియకపోతే రైటర్‌లో 200 పక్కన ఇంగ్లీషు సి టైప్ చేసి ఆల్ట్, ఎక్స్ నొక్కండి. ఒక పుస్తకంలో ఒకే పద్ధతి ఉండాలి. ‘చెయ్యి–చేయి’, ‘పెళ్ళి–పెళ్లి’, ‘వాళ్ళు–వాళ్లు’ వంటి జంటల్లో ఏది వాడతారో ముందే రాసి పెట్టుకుని, రెండోదాన్ని వెతికి మార్చండి. రచయిత మాండలికంలో రాసిన సంభాషణల జోలికి మాత్రం ఈ మార్పిడితో వెళ్లకండి. ‘అన్నీ మార్చు’ బటన్ అక్కడ పుస్తకం గొంతునే మార్చేస్తుంది.

రైటర్‌లో తెలుగు స్పెల్లింగ్ నిఘంటువు ఉంది. కానీ విభక్తులు, సంధులు కలిసి పదం పొడవు పెరిగేకొద్దీ అది ఒప్పులకూ ఎర్రగీత పెడుతుంది. దాన్ని తప్పులు పట్టే మొదటి వలగా వాడుకోండి. ప్రూఫ్ రీడర్ స్థానం అది భర్తీ చేయలేదు.

ఫాంటు ఎంపిక

సిలికానాంధ్ర చొరవతో విడుదలైన మండలి, సూరన్న, పెద్దన, రామరాజ, ఎన్టీఆర్, రామభద్ర వంటి ఫాంట్లు, గూగుల్ నోటో వరుసలోని నోటో సెరిఫ్ తెలుగు, సాహిత్య గ్రంథాలను దృష్టిలో పెట్టుకుని చేసిన టిరో తెలుగు, ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటితో అచ్చువేసిన పుస్తకం అమ్ముకోవచ్చు, పీడీఎఫ్‌లో, ఈబుక్‌లో పొదగవచ్చు, ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. ఫాంటును విడిగా అమ్మడం మాత్రం కుదరదు.

కథలకు మండలి 12 పాయింట్లతో మొదలుపెట్టి చూడండి. ఒకే 12 పాయింట్లలో ఫాంటు ఫాంటుకూ అక్షరం పరిమాణం వేరుగా కనిపిస్తుంది, కాబట్టి అంకెను నమ్మకుండా నమూనా పేజీ నిజమైన సైజులో కాగితం మీద ప్రింట్ తీసి చదవండి. తెర మీద చూసి నిర్ణయించకండి. నమూనాలో ఈ మాటలు తప్పక ఉండాలి: స్త్రీ, రాష్ట్రీయ, లక్ష్మి, జ్యోత్స్న, వైశిష్ట్యం, శాస్త్రోక్తం, క్రౌర్యం. మూడు హల్లుల వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతున్నాయా, ‘ష్ట్ర’లో రెండు వత్తులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా అన్నది ఇక్కడే తేలుతుంది.

బోల్డ్ బటన్ విషయంలో జాగ్రత్త. చాలా తెలుగు ఫాంట్లలో ఒకే మందం ఉంటుంది. బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని కృత్రిమంగా ఉబ్బిస్తుంది, అచ్చులో చిన్న రంధ్రాలన్నీ సిరాతో పూడుకుపోతాయి. శీర్షికకు బరువు కావాలంటే రామభద్ర వంటి బరువైన ఫాంటే వేరుగా పెట్టండి. వాలు అక్షరాల సంగతీ అంతే. టిరో తెలుగులాంటి ఒకటి రెండింట్లో తప్ప నిజమైన వాలు రూపం ఉండదు. పాత్ర మనసులో మాటకో, ఉత్తరానికో వేరు రూపు కావాలంటే పేరాను కొంచెం లోపలికి జరపడం మేలు.

రైటర్‌లో పేజీ కట్టడం

మొట్టమొదట టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్కు పెట్టి, తెలుగు ఎంచుకోండి. రైటర్ ప్రతి స్టైల్‌లో రెండు ఫాంట్లు దాస్తుంది: ఇంగ్లీషుకు ఒకటి, తెలుగు వంటి భాషలకు ఒకటి. కొత్తవాళ్లు పై గడిలో ఫాంటు మార్చి ‘తెలుగు మారడం లేదే’ అని తికమకపడేది ఇక్కడే. రెండింట్లోనూ ఫాంటు, సైజు పెట్టాలి. పేరా అంకెతో మొదలైతే ఆ అంకె ఇంగ్లీషు ఫాంటు తీసుకుంటుంది, వరుస మధ్యలో తెలుగు తర్వాత వచ్చే అంకె తెలుగు ఫాంటు తీసుకుంటుంది. ఒకే పేజీలో రెండు రకాల అంకెలు కనిపించడానికి కారణం అదే. రెండు గడుల్లోనూ అదే తెలుగు ఫాంటు పెడితే ఈ తేడా పోతుంది.

పేజీ స్టైల్: వెడల్పు 139.7 మి.మీ., ఎత్తు 215.9 మి.మీ., లేఅవుట్ ‘మిర్రర్డ్’ (ఎడమ, కుడి పేజీల మార్జిన్లు అద్దంలో బింబంలా తిరగబడేది). లోపలి మార్జిన్ 20, బయటి మార్జిన్ 15, పైన 17. కింద పేజీ సంఖ్య ఫుటర్‌తో కలిపి 20 పోవాలి. పాఠానికి దాదాపు 105 మి.మీ. వెడల్పు, 179 మి.మీ. ఎత్తు మిగులుతాయి. వెన్నుకు జిగురు పెట్టే పర్ఫెక్ట్ బైండింగ్‌లో లోపలి మార్జిన్ 20కి తగ్గిస్తే చదివేవాళ్లు పుస్తకాన్ని విరిచి పట్టుకోవాల్సి వస్తుంది, ఆ విరుపుకు జిగురు ఊడి పేజీలు రాలతాయి.

పాఠం స్టైల్: రెండు వైపులా సమానం, మొదటి వరుస 5 మి.మీ. లోపలికి, పేరాల మధ్య ఎడం సున్నా. వరుసల ఎడం విషయంలో ‘ప్రపోర్షనల్’ వద్దు. పైన గుడులకు, కింద వత్తులకు చోటివ్వాలని తెలుగు ఫాంట్లలో ఎత్తు ముందే ఎక్కువగా ఉంటుంది, దానిపై శాతం లెక్క వేస్తే వరుసలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. ‘ఫిక్స్‌డ్’ ఎంచుకుని 17 లేదా 18 పాయింట్లు ఇవ్వండి. మరీ తగ్గిస్తే పై గుడులు తెగిపోతాయి. పైన చెప్పిన మాటల నమూనా మళ్లీ ఇక్కడ పనికొస్తుంది.

17 పాయింట్లకు పేజీకి 29 వరుసలు, 18కి 28 పడతాయి. ఒక్క వరుస తేడా 160 పేజీల్లో దాదాపు ఐదున్నర పేజీలు. ఫారాల (16 పేజీల కట్టల) లెక్క సర్దుకోవడానికి ఇదే మన చేతిలో ఉన్న మీట.

రెండు వైపులా సమానంగా పరిచిన తెలుగులో పొడవాటి పదాల వల్ల మాటల మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. పద విభజన ఆన్ చేస్తే కొంత సర్దుకుంటుంది. వరుసగా రెండు వరుసలకు మించి విరగకుండా పరిమితి పెట్టండి. అప్పటికీ వికారంగా ఉన్న వరుసల్లో వాక్యాన్నే కాస్త దిద్దమని రచయితను అడగడం పూర్వం నుంచీ ఉన్న పద్ధతే.

పద్యాలకు, గేయాలకు వేరే స్టైల్ ఉండాలి, ఎడమవైపు మాత్రమే సర్దినది. సమాన సర్దుబాటులో ఉండగా షిఫ్ట్, ఎంటర్‌తో పాదం విరిస్తే ఆ పాదంలోని నాలుగు మాటలూ పేజీ అంచుదాకా సాగిపోతాయి.

కథ పేరుకు ‘హెడింగ్ 1’ స్టైలే వాడండి, చేత్తో సైజు పెంచి పెట్టకండి. విషయసూచిక, ఈబుక్ అధ్యాయాలు, పీడీఎఫ్ బుక్‌మార్కులు మూడూ దానినుంచే పుడతాయి. ప్రతి కథ కుడి పేజీలో మొదలవ్వాలంటే ‘కథ మొదలు’ అని ఒక పేజీ స్టైల్ చేసి, లేఅవుట్ ‘ఓన్లీ రైట్’ ఇచ్చి, తర్వాతి స్టైల్‌గా లోపలి పేజీ పెట్టండి. హెడింగ్ 1లో టెక్స్ట్ ఫ్లో కింద బ్రేక్ పెట్టి ఈ పేజీ స్టైల్‌కు కలపండి. అవసరమైన చోట రైటర్ ఖాళీ ఎడమ పేజీని తానే చేరుస్తుంది. ఖాళీ పేజీల కోసం ఎంటర్‌లు కొట్టుకుంటూ పోతే మొదటి ప్రూఫు దిద్దుబాటుకే అన్నీ జరిగిపోతాయి.

ఫారాలు, కాగితం

డెమీ పుస్తకానికి 23×36 అంగుళాల కాగితం వాడతారు. అందులో రెండు వైపులా కలిపి 32 పేజీలు వస్తాయి, అంటే రెండు ఫారాలు. మన 160 పేజీలు 10 ఫారాలు, కాపీకి ఐదు కాగితాలు. 500 కాపీలకు 2500, అంటే 5 రీములు. తరుగు కింద వందకు ఐదు చొప్పున కలుపుకోండి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మాప్‌లితో అనే పుస్తకాల కాగితం ఈ సైజు రీము 18.7 కిలోలు తూగుతుంది. దుకాణంలో కిలో లెక్కన ధర చెబుతారు కాబట్టి ఈ అంకె గుర్తుంటే ఎస్టిమేటు సరిచూసుకోవచ్చు.

పుస్తకం 163 పేజీలకు వచ్చిందనుకోండి, ఆ మూడు పేజీల కోసం అర ఫారం, 8 పేజీలు, పెరుగుతుంది. ముందుమాట కుదించడమో, వరుసల ఎడం మార్చడమో చేసి 160కి తేవడం తెలివి. రెండు మూడు వందల కాపీలకు లోపైతే డిజిటల్ ప్రింటింగే నయం, అక్కడ ఫారాల పట్టింపు ఉండదు. 48 పేజీల కవితల పుస్తకం వంటిదైతే సెంటర్ పిన్ (మడత మధ్యలో పిన్నులు కొట్టడం) చాలు. దానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి.

బొమ్మలు, అట్ట

అచ్చులో బొమ్మ ఎంత వెడల్పుంటుందో దాన్నిబట్టి పిక్సెళ్లు లెక్కగట్టాలి. 105 మి.మీ. వెడల్పు ఫొటోకు 300 పీపీఐ చొప్పున కనీసం 1240 పిక్సెళ్లు కావాలి. గీతల బొమ్మకు దానికి రెట్టింపు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. చిత్రకారులను డాక్యుమెంట్‌గా పంపమనండి. లోపలి ఫొటోలను గింప్‌లో గ్రేస్కేల్‌కు మార్చి, మాప్‌లితో సిరా పీలుస్తుంది కాబట్టి మధ్యస్థపు నీడలను కాస్త తేలిక చేయండి. తెర మీద సరిగ్గా ఉన్న ఫొటో ఆ కాగితం మీద నల్లబడుతుంది.

అట్టకు ముందు వెన్ను మందం తెలియాలి. ఇదే కాగితం వంద ఆకులు పేర్చి స్కేలుతో కొలిచి వందతో భాగించండి. ఆకుకు 0.09 మి.మీ. వచ్చిందనుకుంటే 80 ఆకులకు 7.2 మి.మీ. అప్పుడు అట్ట ఫైలు వెడల్పు 139.7 + 7.2 + 139.7, రెండు వైపులా 3 మి.మీ. చొప్పున బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు), మొత్తం 292.6 మి.మీ. ఎత్తు 221.9. వెన్ను 6 మి.మీ. లోపుంటే దానిపై అక్షరాలు వేయకండి. మడత ఒక మిల్లీమీటరు జరిగినా పేరు ముందట్ట మీదికి వచ్చేస్తుంది.

స్క్రైబస్‌లో కొత్త డాక్యుమెంట్ తెరిచేటప్పుడే పేజీ కొలత బ్లీడ్ లేకుండా (286.6×215.9 మి.మీ.) పెట్టి, బ్లీడ్ విడిగా ఇచ్చి, వెన్ను గీతలకు గైడ్లు పెట్టుకోండి. నల్లటి అక్షరాలకు నలుపు 100, మిగిలిన మూడు రంగులు సున్నా ఉండాలి. నాలుగు రంగుల నలుపుతో చిన్న అక్షరాలు వేస్తే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడటం) కొంచెం తప్పినా అక్షరం చుట్టూ రంగు నీడలు కనిపిస్తాయి. తెర మీది నిగనిగలాడే ఆకుపచ్చ, కాషాయం అచ్చులో అంత వెలగవు. స్క్రైబస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేస్తే ముందే ఓ అంచనా వస్తుంది. నమ్మకం కావాలంటే ప్రెస్సును ఒక డిజిటల్ ప్రూఫ్ అడగండి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) బార్‌కోడు ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌టెన్షన్స్, రెండర్, బార్‌కోడ్ కింద ఈఏఎన్ 13గా వస్తుంది. జింట్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఇదే పని చేస్తుంది. ప్రామాణిక కొలత 37.29×25.93 మి.మీ., 80 శాతం కన్నా తగ్గించకండి. తెల్లటి దీర్ఘచతురస్రం మీద ఒక్క నలుపుతో ఉండాలి.

ప్రెస్సుకు పంపే పీడీఎఫ్

రైటర్‌లో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ తెరిచి, బొమ్మల నాణ్యత 90 శాతానికి పైన, రిజల్యూషన్ 300 ఉంచండి. ‘ఎక్స్‌పోర్ట్ ఆటోమేటికల్లీ ఇన్సర్టెడ్ బ్లాంక్ పేజెస్’ టిక్కు మర్చిపోకండి. అది లేకపోతే రైటర్ చేర్చిన ఖాళీ పేజీలు పీడీఎఫ్‌లో రావు. తెర మీద అంతా సవ్యంగా ఉంటుంది, అచ్చయ్యాక మాత్రం సగం పుస్తకంలో వెడల్పు మార్జిన్ బయటికి, ఇరుకు మార్జిన్ జిగురులోకి వెళుతుంది. ఇంత చిన్న టిక్కు వల్ల ఇంత పెద్ద నష్టం ఈ మొత్తం పనిలో ఇంకోటి లేదు.

పీడీఎఫ్‌ను ఆక్యులర్‌లో తెరిచి ప్రాపర్టీస్‌లో ఫాంట్ల పట్టిక చూడండి. అన్నీ పొదిగినట్టు చూపించాలి. మీరు పెట్టని ఫాంటు పేరు కనిపిస్తే ఎక్కడో ఒక పేరాలో పాత ఫార్మాటింగ్ మిగిలిందన్నమాట. పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు తారుమారు కావచ్చు. అది అచ్చుకు అడ్డు కాదు, కంగారుపడకండి.

రైటర్ నలుపును ఆర్‌జీబీలో (తెరకు వాడే మూడు రంగుల పద్ధతిలో) రాస్తుంది. ఆఫ్‌సెట్‌లో ఒకే ప్లేటుకు ఇది సర్దుకుంటుంది గానీ, డిజిటల్ మెషీన్ కొన్నిసార్లు ప్రతి పేజీనీ కలర్‌గా లెక్కగడుతుంది, బిల్లూ అలాగే వస్తుంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే పీడీఎఫ్ పరికరంతో రంగు మార్పిడిని ‘గ్రే’ అని ఇచ్చి పీడీఎఫ్‌ను ఇంకోసారి రాయిస్తే సరి. ఆ తర్వాత ఫాంట్ల పట్టిక మళ్లీ చూడండి.

ప్రెస్సులో ఆపరేటర్ ఫైలును కోరల్‌డ్రాలో తెరవడం చాలాచోట్ల అలవాటు. తెరవగానే పాఠం మళ్లీ కూర్చబడి వత్తులు విరిగిపోతాయి. లోపలి పేజీల ఫైలును తెరవకుండా నేరుగా ఇంపొజిషన్‌కు (ఫారంలో పేజీలు పేర్చే పనికి) పంపాలని ముందే చెప్పండి, రాతపూర్వకంగా చెబితే ఇంకా మంచిది. అట్టకైతే స్క్రైబస్ పీడీఎఫ్ ఫాంట్ల ట్యాబులో అక్షరాలను అవుట్‌లైన్‌గా మార్చి ఇవ్వండి, ఎందులో తెరిచినా చెదరదు. పేజీలు విడివిడిగా, ఒకటి నుంచి వరుసగా ఇవ్వాలి. జంటగా పేర్చి ఇవ్వకండి, ఫారం పేర్చేది ప్రెస్సు. ప్లేట్లు వేసేముందు ఒక ఫారం మడత డమ్మీ అడిగి పేజీ సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో వేలితో తిప్పి చూడండి.

ఈబుక్

స్టైల్స్ సరిగ్గా ఉన్న ఓడీటీ ఫైలును (రైటర్ సొంత ఫైలును) కాలిబర్‌కు ఇస్తే హెడింగ్ 1లే అధ్యాయాలవుతాయి. అచ్చుకోసం పెట్టిన 17 పాయింట్ల ఎడం ఇక్కడ పనికిరాదు. ఫోన్లో చదివేవాళ్లు అక్షరం పెద్దది చేసుకుంటారు, ఎడం మాత్రం పెరగక వరుసలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. సిజిల్‌లో స్టైల్ షీటు తెరిచి దాన్ని అక్షరానికి 1.6 రెట్లుగా మార్చండి. అక్షరాల మధ్య ఎడం ఇచ్చే ఆదేశం ఉంటే తీసేయండి, కొన్ని రీడర్లలో అది వత్తులను విడదీస్తుంది. ఫాంటు ఫైలును పుస్తకంలోనే పొదగండి, భాష తెలుగు అని మెటాడేటాలో రాయండి. ఈబుక్ ఫైలును పరీక్షించే ఈపబ్‌చెక్‌లో తప్పులు సున్నా అయ్యాక ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్లో, ఒక కొత్త ఫోన్లో తెరిచి ఆ నమూనా మాటలున్న పేజీ చూడండి.

ముద్రణ చుట్టూ ఉన్న పనులు

ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఇస్తుంది. రచయితలు సొంతంగానూ దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చుకు ఒకటి, ఈబుక్‌కు ఒకటి వేరుగా కావాలి. సంఖ్య చేతికొచ్చాకే అట్ట ఖరారు చేయండి.

పుస్తకం వచ్చిన 30 రోజుల్లో ఒక్కో కాపీని కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి సొంత ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. చిన్న ప్రచురణకర్తలు దీన్ని తరచూ వదిలేస్తారు. నాలుగు పార్సెళ్ల ఖర్చుతో మీ పుస్తకం దేశంలోని నాలుగు పెద్ద గ్రంథాలయాల్లో నిలిచి ఉంటుంది, వదులుకోవద్దు.

చివరగా ఒక ఫోల్డర్‌లో ఓడీటీ, స్క్రైబస్ ఫైలు, బొమ్మల అసలు కాపీలు, వాడిన ఫాంటు ఫైళ్లు, వాటి లైసెన్సు, ప్రెస్సుకు ఇచ్చిన పీడీఎఫ్‌లు, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో రాసిన చిన్న చీటీ పెట్టి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. ఫాంటు కొత్త వెర్షన్‌లో అక్షరం వెడల్పు రవ్వంత మారినా 160 పేజీలు 162 అవుతాయి, అందుకే ఫాంటు ఫైలు కూడా దాచమనడం. అచ్చయిన కాపీలో దొరికిన తప్పులను ఎప్పటికప్పుడు ఓడీటీలోనే దిద్దుతూ ఉండండి. రెండో ముద్రణకు తప్పులు మాత్రమే దిద్దితే పాత ఐఎస్‌బీఎన్ చెల్లుతుంది, ముద్రణ వివరాల పేజీలో తేదీ చేరిస్తే చాలు. కథలు కలిపినా, మార్చినా అది కొత్త కూర్పు, దానికి కొత్త సంఖ్య తీసుకోవాలి.